పాముకాటు మీద విద్యార్థులు తీసిన చిత్రం: చూసినవాళ్లను ఏమని అడగాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ త్రీ (డిగ్రీ) విద్యార్థులకు పాఠాలు చెబుతాను. మా ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు 11 మంది కలిసి ఈ వేసవిలో పాముకాటు మీద 12 నిమిషాల చిత్రం ఒకటి తీశారు. అంతా ఫోనుతోనే తీశారు. మాటలు ఎక్కువగా మన వైపు తెలుగులోనే ఉన్నాయి; ఆసుపత్రి సన్నివేశంలో ఒడియా, ముసలామె పాత్ర మాట్లాడే చోట సవర వినిపిస్తాయి. కథ చిన్నది. నేల మీద చాప వేసుకుని పడుకున్న రైతును అర్ధరాత్రి కట్లపాము కాటేస్తుంది. మొదటి సగంలో ఇంటివాళ్లు కాలికి తాడు బిగించి, గుణియాను (ఊరి మంత్రగాణ్ణి) పిలిపించి, తెల్లవారేదాకా మంత్రం వేయిస్తారు. రెండో సగంలో అదే రాత్రి మళ్లీ మొదలవుతుంది; ఈసారి తాడు జోలికి పోకుండా, కాలు కదలకుండా కర్రబద్దను ఆనించి, 108కి ఫోను చేసి, నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్తారు.

వానలు ముదిరేలోగా కాశీనగరం వైపు, గుణుపురం వైపు కొన్ని ఊళ్లలో దీన్ని చూపించి, చూసినవాళ్ల అభిప్రాయాలు సేకరించాలని మా ఆలోచన. ఇందుకోసం పిల్లలు ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. మొదటి ప్రశ్న "చిత్రం మీకు నచ్చిందా?" అన్నది. రెండోది "ఈ చిత్రం వల్ల పాముకాటు లక్షణాలపైన, ప్రథమ చికిత్సపైన మీకు అవగాహన పెరిగిందా?" అన్నది. మూడోది "పాము కరిస్తే గుణియా దగ్గరకు వెళ్లడం ప్రమాదకరమని మీరు అంగీకరిస్తారా?" అన్నది. ఆ తరువాత నటనకు, ఛాయాగ్రహణానికి, సంగీతానికి ఐదుకు ఎన్నేసి మార్కులు వేస్తారని ఉంది. చివర పేరు, వయసు, కులం, ఫోను నంబరు, సూచనలు. అన్నీ కలిపి 24. దీన్ని గూగుల్ ఫారంలో పెట్టి క్యూఆర్ కోడు అంటిద్దామని కొందరు, కాగితం మీద అచ్చు వేయిద్దామని కొందరు పట్టుబడుతున్నారు.

నాకెందుకో దీనితో తృప్తి కలగడం లేదు. కిందటి ఏడాది రక్తహీనత మీద తీసిన చిత్రానికి ఇలాంటి పత్రమే పంచాము. తిరిగి వచ్చిన కట్టంతా చదివితే దాదాపు ప్రతి కాగితం మీదా "చాలా బాగుంది", "విద్యార్థులకు అభినందనలు" అని ఉంది. ఒకరు మాత్రం "టీ చల్లారిపోయింది" అని రాశారు. ఆ కట్ట మొత్తంలో మేము ఆచరణలో పెట్టగలిగిన సూచన అదొక్కటే.

ప్రశ్నలు ఎలా మార్చుకోవాలి, ఎన్ని ఉండాలి, చదవడం రానివాళ్లను ఎలా అడగాలి, చిత్రానికి ముందు కూడా అడగడం అవసరమా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

లెక్కలమాస్టారు (బరంపురం):

మీ అసంతృప్తి సబబైనదే. ఆ 24 ప్రశ్నల్లో చాలావాటిని నేనైతే ఉంచను. ప్రతి ప్రశ్న పక్కనా పిల్లల చేత ఒక వాక్యం రాయించండి: "దీనికి ఫలానా జవాబు వస్తే మేము ఫలానా పని చేస్తాము." ఆ వాక్యం రాయలేకపోతే ప్రశ్న ఎంత ముచ్చటగా ఉన్నా కొట్టివేయవలసిందే. సంగీతానికి ఐదుకు రెండు మార్కులు వస్తే సంగీతం మారుస్తారా? మార్చరు. కులం తెలిస్తే ఏం చేస్తారు? ఏమీ చేయరు, పైగా అడిగినందుకు ఊళ్లో ముఖం చిట్లిస్తారు. పేరు, ఫోను నంబరు కూడా వద్దు. ప్రేక్షకుల్లో బడిపిల్లలు ఉంటారు కనుక వాళ్ల వివరాలు రాసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవలసి వస్తుంది. అక్కరలేని సమాచారం కోసం ఆ తలనొప్పి ఎందుకు?

మీ రెండో ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఇరుక్కున్నాయి. లక్షణాలు అర్థమై, చికిత్స అర్థం కానివాడు అవుననాలా, కాదనాలా? అంతకన్నా పెద్ద చిక్కు, అవగాహన పెరిగిందా అంటే పెరగలేదని చెప్పుకునే మనిషి ఉండడు. మూడో ప్రశ్నలో జవాబును మీరే వాళ్ల నోట్లో పెట్టేశారు. ఇక ఐదు మార్కుల సంగతి. రెన్సిస్ లైకర్ట్ అనే మనస్తత్వవేత్త 1932లో వైఖరులను కొలిచే తన కొలమానాన్ని ప్రతిపాదించినప్పుడు, ఒక వైఖరిని తెలుసుకోవడానికి అనేక వాక్యాలు ఇచ్చి, వాటి జవాబులన్నీ కలిపి చూడాలన్నాడు. మనవాళ్లు ఒక్క ప్రశ్నకు ఐదు గళ్లు గీసి అదే కొలమానం అనుకుంటున్నారు.

భోజనానికి పిలిచినవాళ్లే వడ్డిస్తూ "కూర ఎలా ఉందండీ" అని అడిగితే ఉప్పు తక్కువైందని ఎవరంటారు? చిత్రం తీసిన పిల్లలే కాగితం చేతికిచ్చి ఎదురుగా నిలబడితే జరిగేదీ అదే. అడిగేవాళ్లు వేరేవాళ్లు కావాలి. చిత్రంలో నటించని, ముఖం తెలియని విద్యార్థులను ఇందుకు పెట్టండి. "మా చిత్రం" అనే మాట వాళ్ల నోట రాకూడదు.

అభిప్రాయం అడగడం తగ్గించి, సందర్భం చెప్పి ఏం చేస్తారో అడగండి. "అర్ధరాత్రి మీ ఇంట్లో ఒకరిని పాము కరిచింది. మొట్టమొదట ఏం చేస్తారు? ఆ తరువాత?" అంతే. జవాబులు మీరు అందించకండి. వాళ్లు చెప్పింది చెప్పిన వరుసలోనే రాసుకోండి. మా వాళ్లు ఒకసారి జవాబుల పట్టిక చదివి వినిపించి, "వీటిలో ఏది?" అని అడిగారు, అందరూ ఆఖరున విన్నదే చెప్పారు.

ముందు కూడా అడగడం అవసరమే. చిత్రం అయ్యాక పది మందిలో ఎనిమిది మంది ఆసుపత్రికి వెళ్తామన్నారనుకోండి, అది చిత్రం వల్లనా, ముందే తెలిసినదా అన్నది ఎలా తెలుస్తుంది? వచ్చిన ప్రతివారికీ అంకె వేసిన చీటీ ఒకటి ఇచ్చి, ఆ అంకె కిందే ముందు జవాబు, తరువాతి జవాబు రాసుకోండి. అప్పుడు ఫలానా మనిషి మారాడా లేదా అన్నది పేరు లేకుండానే తెలుస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. ముందు అడిగితే ప్రేక్షకుడు ఆ జవాబు కోసమే చిత్రం చూస్తాడు. కనుక ఒకటి రెండు ఊళ్లలో ముందు అడగకుండా, తరువాత మాత్రమే అడిగి, రెండు రకాల ఊళ్ల జవాబులను పోల్చి చూడండి.

లెక్క కట్టే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడి, ముందు ఎంత శాతం, తరువాత ఎంత శాతం అని రెండు స్తంభాలు గీసి ఊరుకుంటారు. 60 మందిని అడిగారనుకుందాం. ముందూ వెనుకా ఒకేలా, అంటే రెండుసార్లూ ఒప్పో రెండుసార్లూ తప్పో చెప్పినవాళ్లు 37 మంది అయితే వాళ్లను పక్కన పెట్టండి. మిగిలిన 23 మందిలో తప్పు నుంచి ఒప్పుకు వచ్చినవాళ్లు 18 మంది, ఒప్పు నుంచి తప్పుకు జారినవాళ్లు 5గురు అనుకోండి. తేడా 13, దాని వర్గం 169, దాన్ని 23తో భాగిస్తే సుమారు 7.35. ఈ విలువ 3.84 (సంఖ్యాశాస్త్ర పట్టికల్లో ఉండే హద్దు) దాటితే ఆ మార్పు ఏదో కాకతాళీయంగా వచ్చింది కాదని అనుకోవడానికి ఆధారం ఉన్నట్టే. 1947లో క్విన్ మెక్‌నెమార్ చెప్పిన పద్ధతి ఇది. కాగితం, పెన్సిలు చాలు. అయితే నా కళ్లు ఆ 18 మంది మీద కన్నా ఈ ఐదుగురి మీదే ఉంటాయి. చిత్రం చూశాక తప్పు నేర్చుకున్నవాళ్లు ఉంటే, ఏ సన్నివేశం దగ్గర నేర్చుకున్నారో పట్టుకోవాలి.

ఆరు ప్రశ్నలు దాటనివ్వకండి. మూడు నాలుగు వారాల తరువాత అదే ఊరికి వెళ్లి, అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే మరీ మంచిది. ఆ రాత్రి చెప్పే జవాబు ఇంకా తెర మీద బొమ్మ కళ్లలో ఉండగా చెప్పింది.

గుణుపురం సిస్టరు:

నేను గుణుపురం వైపు ఆరోగ్య కేంద్రాల్లో చాలా ఏళ్లు పనిచేశాను. అడిగే పద్ధతి గురించి మాస్టారు చెప్పారు. ఏం అడగాలన్నదాని గురించి నేను కొంత చెబుతాను.

"పాము కరిస్తే" అని ఒక్క మాటలో అడిగితే వినేవాళ్ల మనసులో పడగ విప్పిన నాగుపామే కదులుతుంది. మీ చిత్రంలో ఉన్నది కట్లపాము. అది కరిస్తే నొప్పి, వాపు దాదాపు ఉండవు. పళ్ల గాట్లు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి అందదు. రక్తపింజర కాటు ఇందుకు భిన్నం: విపరీతమైన నొప్పి, వాపు, రక్తం గడ్డకట్టకపోవడం. కనుక చిత్రం పనిచేసిందో లేదో తెలియాలంటే ఇలా అడగండి: "రాత్రి నేల మీద పడుకున్న పిల్లవాడు తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచాడు. కళ్లు పూర్తిగా తెరవలేకపోతున్నాడు. ఒంటి మీద గాయం ఏమీ లేదు. మీకు ఏమని అనుమానం వస్తుంది?" ఈ ప్రశ్నకు "పాము కరిచిందేమో" అనే జవాబు వస్తే మీ పిల్లల శ్రమ ఫలించినట్టే. అజీర్ణమని వాము నీళ్లు పట్టించే ఇళ్లను నేను చూశాను.

గుణియా ప్రశ్నను పూర్తిగా మార్చండి. చాలా ఊళ్లలో ఆయన ఎవరికో మేనమామ, ఎవరికో వియ్యంకుడు. మీ ప్రదర్శనకు వచ్చి ముందు వరుసలో కూర్చునేదీ ఆయనే కావచ్చు. ఆయన ఎదుట "ప్రమాదకరమని అంగీకరిస్తారా" అంటే ఎవరూ నిజం చెప్పరు, ఆయనా మళ్లీ మీ ముఖం చూడడు. "ముందుగా ఎవరికి కబురు పెడతారు?" అని అడిగితే చాలు. ఇంకొక విషయం. రెండు మాటలు మంత్రం చదివి, "ఇక ఆలస్యం చేయకండి, ఆసుపత్రికి పొండి" అని పంపే గుణియాలు నాకు తెలుసు. గుణియానా, ఆసుపత్రా అని రెండే గళ్లు పెడితే అలాంటి మనిషి మీ లెక్కలో కనబడకుండా పోతాడు. మీకు అన్నిటికన్నా పనికొచ్చే మనిషి ఆయనే.

తెలిసినా చేయలేని పరిస్థితి ఒకటి ఉంటుంది. "రాత్రి 2 గంటలకు మీ ఊరి నుంచి ఆసుపత్రికి ఏ బండి మీద వెళ్తారు? ఆ బండి ఎవరిది?" అని ఒక ప్రశ్న తప్పక పెట్టండి. విషానికి విరుగుడు సూది మందు ఆసుపత్రిలోనే ఉంటుంది. అక్కడికి చేరే దారి లేనివాళ్లకు చిత్రం ఎంత చూపించినా ఉపయోగం లేదు. ఈ ప్రశ్న అడిగాక ఒక ఊరివాళ్లు తమలో తామే మాట్లాడుకుని ఆటో ఉన్న కుర్రాడి నంబరు గోడ మీద రాసుకున్నారు.

దోమతెర గురించి మీ చిత్రంలో ఉందో లేదో నాకు తెలియదు. తెరను చాప కిందికి నాలుగు వైపులా దోపుకుని పడుకుంటే కట్లపాము కాటు నుంచి కూడా రక్షణ దొరుకుతుంది. మలేరియా కోసం పంచిన మందు దోమతెరలు మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. అయితే "దోమతెర వాడుతున్నారా?" అని అడిగితే అందరూ వాడుతున్నామంటారు. "నిన్న రాత్రి మీ ఇంట్లో ఎవరెవరు దోమతెర కింద పడుకున్నారు?" అని అడగండి. నిన్నటి రాత్రి గురించి అబద్ధం చెప్పడం కొంచెం కష్టం.

పిల్లలకు అంకెల మీద మోజు ఉంటుంది. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. ఆ మరణాల్లో ఎక్కువ భాగం నమోదైన రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలు సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఇవి మీ నివేదికలో రాసుకోవడానికి బాగుంటాయి. "దేశంలో ఎంతమంది చనిపోతున్నారో గుర్తుందా?" అని మాత్రం ఊళ్లో అడగకండి. గుర్తున్నా ఆ రాత్రి ఆ అంకె ఎవరికీ అక్కరకు రాదు.

చివరిగా ఒక మనవి. ఇంట్లో మనిషిని పాముకాటుకు పోగొట్టుకున్నవాళ్లు ప్రేక్షకుల్లో ఉండవచ్చు. మొదటి సగంలో చూపిన తప్పులే వాళ్లూ చేసి ఉండవచ్చు. "మీ ఇంట్లో ఎవరినైనా కరిచిందా?" అన్నది నలుగురిలో అడిగే ప్రశ్న కాదు. ఎవరైనా లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. వెనకాలే కాగితం పట్టుకుని పోకండి. పాముకాటు మరణానికి ఒడిశా ప్రభుత్వం 4 లక్షల రూపాయల సహాయం ఇస్తుంది. దాని గురించి మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు కనుక పోస్టుమార్టం నివేదిక కావాలన్న సంగతితో సహా తెలుసుకుని వెళ్లండి.

సిరొంచ వాసి:

మాది గడ్చిరోలి జిల్లా. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మీ దగ్గర బడిలో ఒడియా అయి ఉంటుంది. తెలుగులో గలగలా మాట్లాడే పిల్లవాడికి తెలుగు అక్షరం రాదు. కనుక తెలుగులో అచ్చు వేసిన కాగితం చదువుకున్నవాళ్లకు కూడా పనికిరాదు. క్యూఆర్ కోడు సంగతి సరేసరి. నోటితోనే అడగండి.

అడిగే మాట కూడా ఇంటి మాట కావాలి. ఒకసారి మేము మరాఠీ ప్రశ్నపత్రాన్ని తెలుగు చేసి, అది సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి అసలు పత్రం చూడని ఒకాయనకు ఇచ్చి మళ్లీ మరాఠీలోకి మార్చమన్నాము. "ప్రథమ చికిత్స" అన్న మాట ఆయన చేతిలో "పెద్ద డాక్టరు కన్నా ముందు చూపించుకునే చిన్న డాక్టరు వైద్యం" అయి తిరిగి వచ్చింది. మీ సవర ప్రశ్నలకు ఈ పరీక్ష తప్పదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. వాడుక భాష కోసం పోరాడి, సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు కూర్చిన మనిషి తిరిగిన చోట "అవగాహన", "ప్రమాదకరము" అంటూ ప్రశ్నలు వేయడం ఏం బాగుంటుంది?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

మాస్టారికి, సిస్టరు గారికి, సిరొంచ మిత్రులకు కృతజ్ఞతలు. జవాబు ఆలస్యమైనందుకు మన్నించాలి. మీరు చెప్పినవి ఒక ఊళ్లో అమలుచేసి చూశాకే రాద్దామని ఆగాను.

ప్రశ్నలను ఆరుకు దించాము. నచ్చిందా అన్నది తీసేస్తుంటే పిల్లలు చాలా బాధపడ్డారు. చివరికి "ఎక్కడైనా విసుగు పుట్టిందా? ఎక్కడ?" అన్నదానికి ఒప్పుకున్నారు. వంశధార ఒడ్డున ఒక ఊళ్లో రామమందిరం ముందు తెల్లదుప్పటి కట్టి చూపించాము. అడిగినవాళ్లు మరో విభాగం పిల్లలు. ఎవరికి కబురు పెడతారన్న ప్రశ్నకు మాత్రం నోటితో జవాబు అడగలేదు. నాలుగు ముంతలకు గుణియా, ఆశా కార్యకర్త, 108 బండి, ఇరుగుపొరుగు బొమ్మలు అంటించి, మందిరం వెనక గదిలో పెట్టి, ఒక్కొక్కరూ ఒంటరిగా లోపలికి వెళ్లి చింతపిక్కలు వేసి రావాలన్నాము. ముందు కబురు పెట్టేవారి ముంతలో రెండు పిక్కలు, తరువాతివారి ముంతలో ఒకటి. సిస్టరు గారు చెప్పిన మనుషులు అక్కడే కనబడ్డారు: 108 ముంతలో రెండు వేసి, గుణియా ముంతలో ఒకటి వేసినవాళ్లు. ఈ సంగతి వాళ్లు ఎవరూ నోటితో చెప్పలేదు. వెనక గది కిటికీ పక్కన కూర్చుని, చూడకుండా, ఏ ముంతలో ఎన్ని పిక్కలు పడ్డాయో చప్పుడును బట్టే పోల్చుకున్న మా అమ్మాయి రాసుకున్నది.

మాస్టారు చెప్పిన "ఐదుగురు" మాకూ తగిలారు, మా చిన్న గుంపులో ముగ్గురు. వాళ్లలో ఒకామెకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. చిత్రానికి ముందు "కారు మాట్లాడుకుని పర్లాకిమిడి తీసుకుపోతాం" అని సరిగ్గా చెప్పింది. చూశాక అడిగితే, రెండు చేతులతో గాలిలో ముడి బిగించి చూపిస్తూ, "ముందు తాడు కట్టాలి కదా బాబూ, మీ బొమ్మలో ఎంత గట్టిగా కట్టారో" అంది. మిగిలిన ఇద్దరిదీ అదే మాట. తిరిగి వచ్చి చిత్రం చూస్తే కారణం బోధపడింది. మొదటి సగంలో తాడు బిగించే దృశ్యం దాదాపు 40 సెకన్లు ఉంది, చేతులు దగ్గరగా, డప్పు చప్పుడుతో సహా. రెండో సగంలో "తాడు కట్టకూడదు" అన్నది ఒక్క మాట, అదీ పరిగెత్తుతూ అన్నది. తప్పును అంత శ్రద్ధగా తీశాక జనం దాన్ని నేర్చుకోకుండా ఎలా ఉంటారు? దాన్ని తీసిన అబ్బాయికి అది తన పనితనమంతా ఉన్న దృశ్యం కనుక కోయడానికి చేతులు రాలేదు. చివరికి తనే కూర్చుని ఆరు సెకన్లకు కుదించాడు. ఇప్పుడు కాలు కదలకుండా బద్ద కట్టడం, కడియం, మెట్టెలు తీయడం దగ్గరగా చూపించేలా మళ్లీ తీస్తున్నారు.

కడుపునొప్పి పిల్లవాడి ప్రశ్నకు మాత్రం చూశాక కూడా చాలామంది వాము నీళ్ల దగ్గరే ఆగిపోయారు. చిత్రంలో రైతు "చీమ కుట్టినట్టుంది" అని నిద్రలేచి పామును కళ్లారా చూస్తాడు; కనుక చూడని కాటు గురించి మేము ఏమీ చెప్పలేదన్నమాట. దీనికి కొత్త సన్నివేశం రాయాలి. సిస్టరు గారూ, ఆ తెల్లవారుజాము సంభాషణ రాసి పంపితే మీరొకసారి చూసి పెట్టగలరా?

రెండు చిన్న ఇబ్బందులు మిగిలాయి. ముంతలు లెక్కపెడితే ఉండవలసినన్ని పిక్కలు లేవు. గుడి అరుగు మీద పిల్లలు వాటిని అరగదీసి అష్టాచెమ్మా ఆడుకుంటూ దొరికారు. వచ్చేసారి గులకరాళ్లు పెడతాము. రెండోది, మాస్టారు చెప్పిన నాలుగు వారాలకు సరిగ్గా ఉభాలు (వరినాట్లు) మొదలవుతాయి, పగలు ఇళ్లలో ఎవరూ ఉండరు. పొలం దగ్గరకే వెళ్లి అడగవచ్చునా, లేక అక్కడ పది మందిలో జవాబు మారిపోతుందా?

లెక్కలమాస్టారు (బరంపురం):

మారుతుంది. పొలంలో అడగకండి. చీకటి పడ్డాక, అన్నాలకు ముందు, ఇంటి అరుగు మీద ఒక్కొక్కరినే అడగండి. నాలుగు వారాలు అయిదైనా పరవాలేదు, కాని అందరినీ అదే వారంలో అడగండి. పాత చీటీ అంకె పోగొట్టుకున్నవాళ్లను విడిగా రాసుకోండి, ఊహించి అంకె వేయకండి. చిత్రం కోసి మార్చారు కనుక ఈ ఊరి జవాబులను తరువాతి ఊళ్ల జవాబులతో కలిపి ఒకే లెక్కగా చూపవద్దు.